దయ్యాల గండి దూరం

పోద్‌స్కాలాకి కొత్తగా వచ్చినవాళ్ళు ఫ్లోరియాన్ కెండా ఇల్లెక్కడని అడిగితే, ఊరివాళ్ళు ముందు అతని కన్ను గురించి చెప్పి ఆ తర్వాతే ఇల్లు చూపించేవారు. లోయకి అవతల చరియ మీద కొండమేక నిలబడితే ఫ్లోరియాన్ ఒక కన్ను మూసి, గడ్డం కాస్త ఎత్తి, అదెంత దూరంలో ఉందో చెప్పేస్తాడనీ, ఆ మాటకి తిరుగుండదనీ అనేవారు. తిరుగెలా ఉంటుంది? మధ్యలో లోయ ఉంది, లోయలో ఏరుంది. టేపు పట్టుకుని దిగి, కొలిచి, మళ్ళీ ఎక్కి వచ్చేదెవరు?

పొట్టకూటికి అతను బడి బస్సు నడిపాడు. పై పల్లెల పిల్లల్ని పొద్దున్నే టోల్మిన్‌లో దింపడం, మధ్యాహ్నం మళ్ళీ ఎక్కించుకు రావడం. ఉద్యోగమంతా ఆ ఒక్క దారి మీదే గడిచిపోయింది. కానీ అతన్ని డ్రైవరుగా ఎవరూ గుర్తుంచుకోలేదు. వేటసంఘంలో దూరాలు చెప్పే మనిషి అతను. సంఘం గుడిసెలో, పొయ్యి పక్క బల్ల దగ్గర ఎవరు వేట కథ ఎత్తుకున్నా, దూరం దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి ఫ్లోరియాన్ వైపు చూసేవారు. అతను తలూపితే కథకి రాజముద్ర పడ్డట్టే. అతనెప్పుడూ తలూపకుండా ఉండలేదు. మంచి మనసున్నవాడు.

ఆ పరపతికంతా మూలం దయ్యాల గండి. అప్పటికింకా ఫ్లోరియాన్ పెళ్ళికానివాడు, బెర్నార్దా చుట్టూ తిరుగుతున్నాడు. బెర్నార్దా తండ్రి ముసలి రుటార్ వేటసంఘానికి పెద్ద. పిల్లవాడు ఎలాంటివాడో చూద్దామని ఒక శరత్కాలం ఉదయం అతన్ని వెంటబెట్టుకుని దయ్యాల గండికి వెళ్ళాడు. అవతలి గోడలో, లార్చ్ చెట్టు కింద మెట్టు మీద ఒక మగ కొండమేక నిలబడి ఉంది. ఫ్లోరియాన్ దగ్గరున్నది మేనమామ ఇచ్చిన పాత తుపాకీ. ఒకే ఒక్క తూటా. మేక పడింది.

ఆ సాయంత్రం గుడిసెలో ముసలాయన మీసం తుడుచుకుని, నాలుగు వందల మీటర్లకి తక్కువ ఉండదని అన్నాడు. రుటార్ మాట అంటే ఆ లోయలో మారు మాట లేదు. పెళ్ళి విందు నాటికి అది నాలుగు వందల యాభై అయింది. సంఘం స్వర్ణోత్సవంలో ఐదు వందల ఇరవైకి చేరి అక్కడ ఆగింది. ఆగడానికి కారణం బెర్నార్దా అన్నయ్య ఇజిదోర్. తండ్రి పోయాక సంఘం పెద్దరికం అతనికి వచ్చింది. జున్ను చేసే మనిషి, ప్రతిదీ తూచి మాట్లాడే రకం.

"ఇంకో యాభై పెంచావంటే తూటా దారిలో భోజనానికి ఆగాలి బావా," అన్నాడు అందరి ముందూ.

ఫ్లోరియాన్ కూడా అందరితో కలిసి నవ్వాడు. నిజానికి ఆ అంకెల్లో ఒక్కటి కూడా అతని నోటి నుంచి మొదట వచ్చింది కాదు. అతను చేసిందల్లా కాదనకపోవడమే. కాదనకుండా ముప్పై ఏళ్ళు గడిస్తే, ఎవరికైనా అది తన మాటే అనిపిస్తుంది.

బెర్నార్దా మాత్రం భర్త దూరాలని తన పద్ధతిలో అర్థం చేసుకుంది. ఆడవాళ్ళు ఎవరైనా ఆ తూటా సంగతెత్తితే ఆమె ఒకటే చెప్పేది. "ఈయన కాల్చే దూరాలు పెరుగుతాయి, నడిచే దూరాలు తగ్గుతాయి. మా ఇల్లు గుడికి పక్కనే అని చెప్పి పెళ్ళి చేసుకున్నాడు. ఆ పక్కకి చేరడానికి నాకు మోకాళ్ళు అరిగాయి."

ఫ్లోరియాన్ ఉద్యోగం నుంచి దిగిన ఏడాది సంఘం అతనికి గుడిసెలో విందు చేసింది. మొక్కజొన్న సంకటి, దుప్పి మాంసం పులుసు, రేగుపళ్ళ సారా. భోజనాలయ్యాక ఇజిదోర్ ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో ఉన్నది దూరం కొలిచే దుర్భిణి. చూడ్డానికి మామూలు దుర్భిణిలాగే రెండు గొట్టాలు. పైన ఒక మీట ఉంది. అది నొక్కితే కంటికి కనబడని లేజరు కాంతి వెళ్ళి, ఎదుట ఉన్నదాన్ని తాకి తిరిగొస్తుంది. రెప్ప వేసేలోగా లోపల ఎర్రటి అంకె వెలుగుతుంది. దాని కింద ఇంకో చిన్న అంకె. కొండవాలున కిందికో పైకో కాల్చేటప్పుడు, తూటాకి ఆ దూరం చదును నేల మీద ఎంతతో సమానమో అది చెబుతుంది.

"నీకిది అవసరం లేదని మాకు తెలుసు బావా," అన్నాడు ఇజిదోర్. "నువ్వు మంచం పడితే మాకు దూరాలు చెప్పేవాళ్ళుండరు కదా, అందుకు తెచ్చాం. నువ్వే వాడి, ఇది సరిగ్గా చెబుతోందో లేదో మాకు చెప్పు."

ఫ్లోరియాన్ కళ్ళు తడిశాయి. అతనికి ఎగతాళి వినబడలేదు. ఉందో లేదో కూడా ఎవరూ తేల్చి చెప్పలేరు. ఇజిదోర్ ముఖం అలాంటిది.

కొన్నాళ్ళు ఆ దుర్భిణి మేకుకి వేలాడింది. చేయి తిరిగిన వంటమనిషికి కొలత చెంచా ఇచ్చినట్టుందని ఫ్లోరియాన్ అనుకున్నాడు. తర్వాత ఒక మధ్యాహ్నం పెరట్లో ఊరికే కూర్చున్నప్పుడు దాన్ని తీసి గుడి గంటల గోపురం వైపు తిప్పి మీట నొక్కాడు. తన పెరటి నుంచి గోపురం ఆరు వందలని అతను ఎప్పుడూ చెప్పేవాడు. ఎర్రటి అంకె మూడు వందల ఎనభై నాలుగు అంది. మళ్ళీ నొక్కాడు. మూడు వందల ఎనభై నాలుగే.

యంత్రం చెడిందనుకుని దాన్ని తీసుకుని దిగువన ఉన్న ఫుట్‌బాల్ మైదానానికి వెళ్ళాడు. ఒక గోలు దగ్గర నిలబడి రెండో గోలు కొయ్యని కొలిచాడు. సరిగ్గా ఎంత ఉండాలో అంత చూపించింది. రోడ్డు మీద కిలోమీటరు రాయి నుంచి రాయికి కొలిచాడు. అక్కడా తేడా మీటరుకి మించలేదు. ఫ్లోరియాన్ మైదానం గట్టు మీద కూర్చుని ఆలోచించి, గోపురాల సంగతి వేరని నిర్ణయానికి వచ్చాడు. తన కన్ను జంతువులకి అలవాటు పడింది, రాతికట్టడాలకి కాదు.

ఆ నిర్ణయంతో మనసు తేలికపడి, దుర్భిణి మీద వ్యామోహం మొదలైంది. పొద్దున లేచి పొరుగింటి గడ్డి పందిరి కొలిచేవాడు. ఎదురు కొండ మీద ఆవుల్ని, తీగ మీద ఆరేసిన బెర్నార్దా బట్టల్ని కొలిచేవాడు. మీట మీద వేలు పడగానే అంకె వెలగడం అతనికి చిన్నపిల్లాడి సంబరంలా ఉండేది. ఇంత చిన్న వస్తువు ఇంత నమ్మకంగా ఎలా చెబుతుందా అని, దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ చూపించేవాడు. యంత్రానికి అబద్ధమాడాల్సిన పని లేదనేది ఆ రోజుల్లో అతని ఊతపదం.

ఆ ఊతపదం గుడిసెలోకి వచ్చినప్పుడు చిక్కు మొదలైంది.

యెర్నేయ్ తాత సంఘంలో అందరికన్నా పెద్దవాడు. గుడిసె ముందు బెంచీ మీద కూర్చునే, అడవి అంచున ఉన్న బేరి చెట్టు కింద జింకను రెండు వందల మీటర్లలో కొట్టానని ఆయన కథ. ఆ కథ విన్నవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. బెంచీ ఉంది, బేరి చెట్టు ఉంది. ఒక ఆదివారం కథ మధ్యలో ఫ్లోరియాన్ లేచి బయటికి వెళ్ళి, బెంచీ మీద కూర్చుని మీట నొక్కి లోపలికి వచ్చాడు.

"నూట పధ్నాలుగు, తాతా," అన్నాడు ఆప్యాయంగా.

బల్ల చుట్టూ నవ్వులు. యెర్నేయ్ తాత నవ్వలేదు. చెట్టు ముందుకి జరిగిందేమోనని గొణిగి గ్లాసు ఎత్తుకున్నాడు.

తర్వాతి వారాల్లో ఇంకొందరి కథలు అలాగే కుంచించుకుపోయాయి. నాలుగు వందల మీటర్ల దుప్పి రెండు వందల ఇరవైకి దిగింది. ఏటికి అవతల కొట్టానన్న అడవిపంది, ఏటికి ఇవతలే పడినంత దగ్గరికి వచ్చేసింది. ఫ్లోరియాన్‌లో కక్ష లేదు. కొత్తగా మతం పుచ్చుకున్నవాడి ఉత్సాహం మాత్రమే ఉంది. ఎదుటివాడి ముఖం ఎందుకు వాడిపోతోందో అతనికి నిజంగా అర్థం కాలేదు. సంఘంలో వాళ్ళ భార్యలకి మాత్రం ఆ వేసవి పండగలా గడిచింది. మెడలో దుర్భిణితో అతను గుడిసెలోకి వస్తే కథలు ఆగి, గడ్డి ధర మీదికీ, వాన మీదికీ మాట మళ్ళేది.

ఆ మౌనంలో ఒకరోజు ఇజిదోర్ జున్ను ముక్క కోసుకుంటూ, అందరి దూరాలూ తేలాయి కదా, ఇక దయ్యాల గండికి ఎప్పుడు బయల్దేరుదామని అడిగాడు. అందరి తలలూ లేచాయి. ఫ్లోరియాన్ తప్పకుండా వెళ్దామన్నాడు. ఆ వారం మోకాలు పట్టేసింది. ఆ తర్వాతి వారం మబ్బు పట్టింది. మూడో వారం అల్లుడు వస్తున్నాడన్నాడు. ఇజిదోర్ ప్రతిసారీ తల ఊపి, తొందరేముంది బావా, గండి ఎక్కడికీ పోదు అనేవాడు.

చివరికి ఎవరికీ చెప్పకుండా ఫ్లోరియాన్ ఒక్కడే వెళ్ళాడు. ఆకాశం అద్దంలా ఉంది. పైకి చేరేసరికి ఎండ అవతలి గోడని పైనుంచి కిందికి కడుగుతూ వస్తోంది. ఆ రోజు తాను పడుకుని గురిపెట్టిన బండని వెతకాల్సిన పనే లేకపోయింది. సంఘానికి వచ్చే కొత్తవాళ్ళందరికీ ఎన్నిసార్లు చూపించాడో ఆ బండని. దాని మీద బోర్లా పడుకుని, మోచేతులు ఆనించి, లార్చ్ చెట్టు కింద మెట్టు మీదికి గురిచూసి మీట నొక్కాడు.

రెండు వందల నలభై ఏడు.

చెయ్యి వణికిందేమో అనుకున్నాడు. సంచి కింద పెట్టి, దుర్భిణిని దాని మీద కదలకుండా ఆనించి మళ్ళీ నొక్కాడు. రెండు వందల నలభై ఏడు. పక్కనున్న రాయి పైకెక్కాడు. రెండు వందల యాభై ఒకటి. బహుశా ఆ రోజు కాస్త వెనక నుంచి కాల్చి ఉంటానని వెనక్కి జరిగాడు. జరుగుతూ జరుగుతూ పోయి వీపు కొండకి తగిలింది. అక్కడి నుంచి కూడా రెండు వందల అరవై మూడు. పైగా ఆ చోటు నుంచి చెట్టు కొన మాత్రమే కనబడుతోంది, మెట్టు కనబడదు. ఐదు వందల ఇరవై మీటర్ల దూరం కావాలంటే కొండ గర్భంలో దూరి కాల్చాలి.

ఫ్లోరియాన్ బండ మీద కూర్చుని రొట్టె, పొగపెట్టిన పందిమాంసం తీశాడు. తినబుద్ధి కాలేదు గాని తిన్నాడు. ఆ రోజుని జ్ఞాపకం చేసుకోవాలని చూశాడు. మేక పడగానే ముసలి రుటార్ తన భుజం మీద చెయ్యి వేశాడు. చాలా దూరంరా అన్నాడు. అంతే అన్నాడు. నాలుగు వందలన్నది గుడిసెలో, రెండో గ్లాసు తర్వాత. కూతుర్ని ఇచ్చేవాడు మామూలు దూరం కొట్టినవాడికి ఇస్తాడా? ముసలాయన తన అల్లుడి కోసం పెంచాడో, తన పరువు కోసం పెంచాడో, లేక నిజంగానే అలా కనబడిందో, అడగడానికి మనిషి లేడు. ముప్పై ఏళ్ళ పరపతిలో సగం పైగా ఒక్క మీట నొక్కులో ఏట్లో కలిసింది. ఫ్లోరియాన్‌కి యంత్రం మీద కోపం వచ్చింది. యంత్రానికి అబద్ధమాడాల్సిన పని లేకపోవచ్చు, నిజం చెప్పాల్సిన తొందర మాత్రం ఏముంది?

ఇంటికి వచ్చి అతను మొదటిసారి పెట్టెలోని సూచనల పుస్తకం తీశాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, పెళ్ళికి ముందు ప్రేమలేఖలు కూడా చదవనంత శ్రద్ధగా చదివాడని బెర్నార్దా తర్వాత చెప్పింది. అందులో అతనికి కావలసినదంతా ఉంది. పొగమంచులో కాంతి మంచు బిందువులకే తగిలి వెనక్కి రావచ్చు. వానలో, మంచు కురిసేటప్పుడు కొలత తప్పవచ్చు. అడ్డంగా గడ్డిపోచో కొమ్మో ఉంటే జంతువుకి బదులు దాన్నే కొలవవచ్చు. మిట్టమధ్యాహ్నపు ఎండలో పట్టు తగ్గుతుంది. గడ్డకట్టే చలికి బ్యాటరీ నీరసిస్తుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో మూడు కిలోమీటర్లని వేసి ఉంది. లోపల చిన్న అక్షరాలతో, అది మెరిసే గోడ లాంటివాటికనీ, జంతువు బొచ్చుకి అందులో సగం కూడా దక్కకపోవచ్చనీ రాశారు.

ఇది వినిపిస్తే బెర్నార్దా ఊలు అల్లుతూ తల ఎత్తకుండానే అంది. "పెట్టె మీద మూడు, చేతిలో ఒకటి. అయితే ఇది మీ సంఘంలో పుట్టిందే."

తర్వాతి సమావేశంలో ఫ్లోరియాన్ లేచి నిలబడ్డాడు. ఈ యంత్రాన్ని వేసవి అంతా పరీక్షించాననీ, సంఘం తనకి అప్పగించిన బాధ్యత ప్రకారం ఫలితం చెబుతున్నాననీ మొదలుపెట్టి, మంచు గురించి, గడ్డిపోచల గురించి, ఎండ గురించి, బ్యాటరీ గురించి చాలాసేపు మాట్లాడాడు. అన్నీ నిజాలే. ఏ ఒక్కటీ తాను కల్పించింది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఇజిదోర్ వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు. ఇప్పుడు అందరూ తన మీద పడతారని, మా కథలు కుదించినప్పుడు ఈ మంచు ఎక్కడికి పోయిందని నిలదీస్తారని భయపడుతూనే ఉన్నాడు.

ఎవరూ నిలదీయలేదు. దాహంతో ఉన్నవాళ్ళకి నీళ్ళ చప్పుడు వినబడినట్టు గుడిసె అంతా కదిలింది. బేరి చెట్టు దగ్గర గడ్డి నిజంగానే ఎత్తుగా ఉందని ఒకడు గుర్తు చేశాడు. ఏటి మీద ఎప్పుడూ ఆవిరి లేస్తుందని ఇంకొకడు. ఆ రోజు తన కళ్ళకే మసక కమ్మిందని యెర్నేయ్ తాత ప్రమాణం చేశాడు. ఆ వేసవిలో తీసిన కొలతలు వాతావరణం కారణంగా చెల్లవనీ, గుడిసె ఆవరణలో ఇకపై పాత దూరాలే చెలామణీ అవుతాయనీ ఎవరో తీర్మానం పెట్టారు. చేతులు లేచాయి. ఇజిదోర్ కూడా చెయ్యి ఎత్తాడు. ఎత్తుతూ బావ ముఖంలోకి ఒక్కసారి చూశాడు, అంతే.

చెయ్యి ఎత్తని మనిషి ఒక్కతే, తదేయా. పశువుల డాక్టరు, కొత్తగా సంఘంలో చేరిన అమ్మాయి. తనకి చెప్పుకోవడానికి ఇంకా కథే లేదు కాబట్టి, తనకి ఎటైనా ఒకటేనంది.

ఆమె కథకి వేళ అక్టోబరులో వచ్చింది. ఆ ఏడాది సంఘానికి కొట్టడానికి అనుమతి ఉన్న కొండమేకల్లో ఒక ముసలి ఆడమేక మిగిలింది. దాన్ని తదేయాకి కేటాయించారు. మొదటి కొండమేక కాబట్టి తోడుగా ఫ్లోరియాన్‌ని పంపారు. తెల్లవారే వేళకి ఇద్దరూ శిఖరం కింద రాళ్ళ గుట్ట వెనక పడుకున్నారు. ఎదురు వాలు మీద మేక కనబడింది. వెంట పిల్ల లేదు, బక్కచిక్కి ఉంది, కొమ్ములు పొడుగు. సరిగ్గా వాళ్ళకి కావలసిందే.

"ఎంత ఉంటుంది బాబాయ్?" అని తదేయా గుసగుసగా అడిగింది.

ఫ్లోరియాన్ అలవాటు ప్రకారం ఒక కన్ను మూసి గడ్డం ఎత్తాడు. అతని కన్ను మూడు వందల యాభై అంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. మూడు వందల యాభై అంటే, తూటా దూరం పోయేకొద్దీ కిందికి వాలుతుందని తదేయా మేక వీపుకి పైగా గురిపెడుతుంది. తూటా పైనుంచి పోతే పోయింది, వెన్నుకో కాలుకో తగిలితే ఆ మేక ఏ రాళ్ళలోనో దూరి రోజుల తరబడి చస్తుంది. గుడిసెలో చెప్పే అంకె వల్ల ఎవరికీ గాయం కాదు. ఇక్కడ చెప్పే అంకె తూటాతో పాటు పోతుంది. అతను కోటు లోపల, ఒంటి వెచ్చదనంలో బ్యాటరీ చల్లబడకుండా దాచుకున్న దుర్భిణిని బయటికి తీశాడు.

"రెండు వందల పన్నెండు," అన్నాడు. "వాలుకి తీసేస్తే తూటాకి నూట తొంభై."

తదేయా తుపాకీ మీద నుంచి తల తిప్పింది. "ఇది అబద్ధం చెబుతుందని తీర్మానం చేశారు కదా?"

"ఆ తీర్మానం గుడిసెకి, అమ్మాయ్. ఇక్కడ మేక ఉంది."

ఆమె గురిపెట్టేలోగా కింద లోయలోంచి మంచు ఒక తెర లేచింది. మేక మసకగా కనబడుతూనే ఉంది. ఫ్లోరియాన్ మళ్ళీ మీట నొక్కాడు. అరవై ఎనిమిది అంది. ఇంకోసారి నొక్కితే డెబ్బై ఒకటి. పుస్తకంలో రాసింది అక్షరాలా జరుగుతోంది. కాంతి మేక దాకా పోకుండా మంచుకే తగిలి తిరిగొస్తోంది. కాల్చవద్దని ఆమె మోచేతి మీద వేలు పెట్టాడు. మొదటి కొలత ఉంది కదా, మేక కదల్లేదు కదా అని ఆమె నసిగింది. కనబడనిదాన్ని కాల్చడానికి కొలతెందుకు అన్నాడతను. అలా పడుకునే ఉన్నారు. చేతివేళ్ళు కొయ్యబారాయి. ముక్కు కారితే తుడుచుకోవడానికి కూడా కదల్లేదు. మంచు విడిపోయినప్పుడు మేక రెండడుగులు పైకి జరిగి మేస్తోంది. దుర్భిణి రెండు వందల పధ్నాలుగు అంది. మూడుసార్లు నొక్కితే మూడుసార్లూ అదే. అప్పుడు కాల్చమన్నాడు.

మేక ఉన్నచోటే ముడుచుకుని పడిపోయింది. వాళ్ళు వాలు దిగి, ఎక్కి దాని దగ్గరికి చేరాక ఫ్లోరియాన్ వేటగాళ్ళ ఆచారం ప్రకారం టోపీ తీశాడు. మేక నోట్లో ఆఖరి మేతగా ఒక రెమ్మ పెట్టాడు. ఇంకో రెమ్మ విరిచి తదేయా టోపీకి గుచ్చి, చెయ్యి కలిపాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. దిగేటప్పుడు అడగనా వద్దా అన్నట్టు అడిగింది, దయ్యాల గండిలో నిజంగా ఎంత ఉందని. ఎవరితోనూ అనని మాట ఆ అలసటలో అతని నోట్లోంచి జారిపోయింది.

తదేయా, ఆ పాత తుపాకీతో, దూరం తెలియకుండా, రెండు వందల నలభై ఏడు అంటే తక్కువేం కాదు బాబాయ్ అంది. ఫ్లోరియాన్‌కి ఆ మెచ్చుకోలు ఎక్కడో గుచ్చుకుంది. ఐదు వందల ఇరవై మీటర్ల మెచ్చుకోళ్ళు తిన్న మనిషికి ఇది ఆకలి తీర్చేది కాదు. కానీ దారి పొడుగునా అదే మాటని నెమరేశాడు. అది తన సొంత దూరానికి దక్కిన మొదటి మెచ్చుకోలు.

ఆ సాయంత్రం గుడిసెలో తదేయా కథ కోసం అందరూ కాచుకున్నారు. దూరం దగ్గరికి రాగానే, తుపాకీ మోత విన్నాననీ, ప్రతిధ్వని బట్టి నాలుగు వందలకి తగ్గదనీ యెర్నేయ్ తాత ముందే తేల్చాడు. తదేయా ఫ్లోరియాన్ వైపు చూసింది. పాత అలవాటు ప్రకారం అందరూ చూశారు.

"రెండు వందల పధ్నాలుగు," అన్నాడు ఫ్లోరియాన్.

గుడిసె చల్లబడింది. మొదటి కొండమేకకి ఆ మాత్రం దయ చూపలేవా అన్నట్టు పొయ్యి దగ్గరి నుంచి ఎవరో దగ్గారు. ఫ్లోరియాన్ లేచి నిలబడ్డాడు. ఉన్నదేదో ఒకేసారి కక్కేయాలనుకున్నాడు.

"దయ్యాల గండి కూడా కొలిచాను. రెండు వందల నలభై ఏడు. ఆకాశం తేటగా ఉంది, అడ్డం గడ్డిపోచ కూడా లేదు. యంత్రం సరిగ్గానే ఉంది. ఇన్నాళ్ళూ నేనే నోరు మూసుకున్నాను."

చెప్పేసి, రాళ్ళు పడతాయని భుజాలు బిగించి నిలబడ్డాడు. రాళ్ళు పడలేదు. ముందు చిన్న నవ్వు, తర్వాత పెద్ద నవ్వు వచ్చాయి. యెర్నేయ్ తాత లేచి వచ్చి అతన్ని కావలించుకున్నాడు. కొత్తపిల్ల చిన్నబోకూడదని తన దూరాన్ని సగానికి నరుక్కున్నాడనీ, ఇలాంటి పెద్దమనసు ఈ లోయలో ఇంకొకడికి లేదనీ అన్నాడు. ఫ్లోరియాన్ కాదన్నాడు. గట్టిగా కాదన్నాడు. ముప్పై ఏళ్ళుగా అనని కాదు అనే మాట ఆ ఒక్క సాయంత్రం ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు. అన్నకొద్దీ గ్లాసులు పైకి లేచాయి. యంత్రం సంగతి తీర్మానం చేసుకున్నాం కదా, ఇక ఆ కబురెందుకు అన్నారు.

దిక్కు తోచక అతను దుర్భిణి మెడలోంచి తీసి ఇజిదోర్ ముందు పెట్టాడు. "ఎవరూ నమ్మొద్దు. నువ్వు తూచి మాట్లాడేవాడివి. నువ్వెళ్ళి కొలిచిరా బావా. ఏం వస్తే అది చెప్పు."

ఇజిదోర్ దుర్భిణిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. మర్నాడు పొద్దున్నే ఒక్కడే బయల్దేరి వెళ్ళాడు. ఆ రోజు ఆకాశంలో మచ్చుకి కూడా మబ్బు లేదు. పోద్‌స్కాలా నుంచి శిఖరాల మీది రాళ్ళు ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. ఫ్లోరియాన్ పెరట్లో కట్టెలు కొడుతూ, దారి వైపు చూస్తూ గడిపాడు. ఇవాళ్టితో బరువు దిగుతుందని బెర్నార్దాకి చెప్పాడు. భోజనాలవేళ దాటాక ఇజిదోర్ వచ్చాడు. బూట్ల నిండా గండి బురద. గేటు దగ్గరే నిలబడి, కట్టెల మోపు మీద దుర్భిణి పెట్టాడు.

"మంచు పట్టేసింది బావా. ఏమీ కనబడలేదు."

ఫ్లోరియాన్ తల ఎత్తి ఆకాశం చూశాడు. ఇజిదోర్ చూడలేదు.

"నాన్న నాలుగు వందలన్నాడు," అన్నాడు ఇజిదోర్ నెమ్మదిగా. "ఆయన అన్న మాట ఆయనతోనే ఉండనీ."

అలా అని చెల్లెలి చేతి కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఫ్లోరియాన్ గొడ్డలి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తన అబద్ధం తనది కాదనీ, అది మామగారి ఆస్తి అనీ, అల్లుడిగా దాన్ని అనుభవించే హక్కే గాని అమ్ముకునే హక్కు లేదనీ అతనికి అప్పుడు తెలిసింది. కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక మిగిలిన కట్టెలన్నీ ఆ పూటే కొట్టేశాడు.

తర్వాత కాలంలో కొండ మీద దూరం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా అతను దుర్భిణి తీసేవాడు. మంచు ఉంటే ఆగమనేవాడు, అనుమానముంటే మూడుసార్లు నొక్కేవాడు, కన్ను చెప్పింది మింగేసేవాడు. అతను తోడు వెళ్ళిన వేటల్లో గాయపడి తప్పించుకున్న జంతువు లేదని సంఘంలో చెప్పుకున్నారు. అది కూడా అతని కంటి గొప్పదనం కిందే జమకట్టారు. పై లోయల నుంచి వచ్చే అతిథులు దయ్యాల గండి చూపించమని అడిగితే కాదనకుండా తీసుకెళ్ళి, బండ చూపించి, లార్చ్ చెట్టు చూపించి, రెండు వందల నలభై ఏడు మీటర్లని స్పష్టంగా చెప్పేవాడు. కావాలంటే మీరే కొలుచుకోండని దుర్భిణి కూడా చేతికిచ్చేవాడు. వాళ్ళు దాన్ని మర్యాదగా తిరిగిచ్చేసి, ఇంత గొప్పవాడికి ఇంత అణకువా అని ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు.